డెంటల్ కాలేజీలో డిపార్ట్‌మెంట్లు తిరిగి సర్దాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి

మేనేజ్‌మెంట్‌కి ఒక్కోసారి ఊపు వస్తుంది. ఎవరో విదేశీ యూనివర్సిటీ చూసొచ్చి ఉంటారు, లేదా వాళ్ల వెబ్‌సైట్ చూసి ఉంటారు, "వాళ్లకి ఐదే డిపార్ట్‌మెంట్లంట, మనకి ఇన్ని దేనికి, కలిపేయండి" అని ప్రిన్సిపాల్‌కి ఫోన్. ఆయన ఆ పని తెచ్చి వైస్ ప్రిన్సిపాల్ టేబుల్ మీద పడేస్తారు. అట్టా మీ టేబుల్ మీద పడి ఉంటే కంగారుపడకండి, చేయదగ్గ పనే. కాకపోతే ఏది ముట్టుకోవచ్చో ఏది ముట్టుకోకూడదో ముందే తేల్చుకోవాలి, లేదంటే ఆరు నెలలు మీటింగులు పెట్టి, టీలు తాగి, చివరికి తలుపులకి కొత్త రంగు వేయించి ఊరుకోవాల్సి వస్తుంది. నెల్లూరు, ప్రకాశం జిల్లాల జనం వచ్చే ప్రైవేట్ కాలేజీని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నా. వేరే ఊళ్లో ఉన్నవాళ్లు ఊరిపేర్లు మార్చుకుని చదువుకోండి.

పేర్ల జోలికి పోవద్దు

ఆ ఐదు డిపార్ట్‌మెంట్ల మాట అబద్ధమేం కాదు. అమెరికాలో మిషిగన్ యూనివర్సిటీ డెంటల్ స్కూల్లో ఆర్థో (పళ్ల వరస సరిచేసేది), పెడో (పిల్లల పళ్లది) కలిపి ఒకటే డిపార్ట్‌మెంట్. పెరియో (చిగుళ్లది), ఓరల్ మెడిసిన్ (నోటి జబ్బు ఏంటో ముందు చూసేది) కలిపి ఇంకొకటి. అక్కడి పద్ధతి వేరు, అక్కడ కుదిరింది. మన దగ్గర ఎండీఎస్‌కి (అంటే డెంటల్ పీజీకి) తొమ్మిది బ్రాంచీలు: ప్రోస్థో (కట్టుడు పళ్లది), పెరియో, ఓరల్ సర్జరీ, కన్జర్వేటివ్ అండ్ ఎండో (ఫిల్లింగులు, రూట్ కెనాల్‌ది), ఆర్థో, ఓరల్ పాథాలజీ, పబ్లిక్ హెల్త్ (మనం ఇప్పటికీ 'కమ్యూనిటీ' అనే పిలుస్తాం), పెడో, ఓరల్ మెడిసిన్ అండ్ రేడియాలజీ. డెంటల్ కౌన్సిల్ 2007 బీడీఎస్ రెగ్యులేషన్లు, 2017 ఎండీఎస్ రెగ్యులేషన్లు ఈ విభజన మీదే నిలబడి ఉన్నాయి. ప్రొఫెసర్లు ఎంతమంది, వాళ్ల కింది హోదాలో రీడర్లు ఎంతమంది, పేషెంట్లని కూర్చోబెట్టే చైర్లు ఎన్ని అనేది ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినవాళ్లు డిపార్ట్‌మెంట్ వారీగానే లెక్కపెడతారు. మీరు పెరియోని, ఓరల్ మెడిసిన్‌ని కలిపేసి ఒకే హెచ్‌ఓడీని (డిపార్ట్‌మెంట్ హెడ్‌ని) కూర్చోబెడితే, వచ్చినవాళ్లు మీ ఆలోచన ఎంత గొప్పదో వినరు, రెండో ప్రొఫెసర్ ఏడని అడుగుతారు. అంతటితో పీజీ సీట్ల సంగతి గోవిందా.

1948 నాటి డెంటిస్ట్స్ యాక్ట్ స్థానంలో నేషనల్ డెంటల్ కమిషన్ తెచ్చే చట్టాన్ని 2023లో పార్లమెంటు ఆమోదించింది. కాబట్టి పని మొదలుపెట్టే రోజున ఏ నిబంధన అమల్లో ఉందో, తాజా సర్క్యులర్ ఏం చెప్తోందో ఒకసారి యూనివర్సిటీ అకడమిక్ సెక్షన్‌ని అడిగి, జవాబు కాగితం మీద తీసుకోండి. ఫోన్లో "ఆఁ, చేసుకోండి" అన్న మాట ఇన్‌స్పెక్షన్ రోజు పనికిరాదు.

ఇంకా ముట్టుకోకూడనిది పీజీలకీ గైడుకీ ఉన్న సంబంధం. ఎండీఎస్ మూడేళ్లు. సినాప్సిస్ (థీసిస్‌కి ముందు ఇచ్చే ప్లాను) యూనివర్సిటీలో గైడు పేరుతో రిజిస్టర్ అయి ఉంటుంది. మీ సర్దుబాటులో గైడు పక్క భవనంలోకి పోయి, పేషెంట్లు ఈ భవనంలో ఉండిపోతే, ఆ పిల్లాడి థీసిస్ సగంలో ఆగిపోతుంది. చదువుతున్న మూడు బ్యాచ్‌లకీ ఉన్న ఏర్పాటు ఉన్నట్టే ఉంచి, మార్పులు కొత్త బ్యాచ్ నుంచి పెట్టండి.

మరి మిగిలిందేంటి అంటారా? చాలా ఉంది. పేషెంట్ నడిచే దారి, చైర్లు ఎక్కడ ఉండాలి, పరికరాలు ఎవరి బీరువాలో ఉండాలి, స్టెరిలైజేషన్ ఎక్కడ జరగాలి, కేసు ఎవరి లెక్కలోకి వెళ్లాలి, హౌస్ సర్జన్ పొద్దున ఎక్కడ నిలబడాలి, ఎక్స్‌రే ఎవరి చేతిలో ఉండాలి. ఇవన్నీ కాలేజీ చేతుల్లో ఉన్నవే. డిపార్ట్‌మెంట్ల మధ్య పని ఎలా చేతులు మారుతుందన్నది సరిచేస్తే, పేర్లు అలాగే ఉన్నా కాలేజీ మారిపోతుంది. పేర్లు మార్చి ఇది వదిలేస్తే 2022 ఏప్రిల్‌లో కందుకూరుని ప్రకాశం నుంచి తీసి నెల్లూరులో కలిపినట్టే ఉంటుంది వ్యవహారం. జీవో ఒక్క రోజులో వచ్చింది. ఏ కాగితం కోసం ఒంగోలు పోవాలి, దేనికి నెల్లూరు పోవాలి అని జనం మాత్రం చాన్నాళ్లు అడుగుతూనే ఉన్నారు.

కార్డు వెంట నడవండి

మీటింగ్ పెట్టకముందే చేయాల్సిన పని ఇది. ఓపీ కార్డు వెంట మీరే నడవండి. ఒక మనిషిని ఎంచుకోండి. పామూరు నుంచి తెల్లవారుజాము బస్సెక్కి వచ్చాడనుకుందాం, కింద దవడలో నొప్పి. తొమ్మిదికి కార్డు రాయించాడు. ఓరల్ మెడిసిన్‌లో పీజీ చూసి ఎక్స్‌రేకి రాసింది. ఎక్స్‌రే గది ముందు బెంచీ మీద ముప్పావు గంట. ఫిల్మ్ పట్టుకుని మళ్లీ అదే పీజీ దగ్గరికి వచ్చాడు, అక్కడ క్యూ మళ్లీ మొదటి నుంచి. ఎండోకి పొమ్మన్నారు, ఒకటో అంతస్తు. ఎండోలో చూసి, "చిగుళ్లు బాలేవు, ముందు క్లీనింగ్ చేయించుకుని రా" అని పెరియోకి పంపారు, రెండో అంతస్తు. పెరియోలో హౌస్ సర్జన్ సగం నోరు క్లీన్ చేసి మిగతా సగానికి వచ్చే బుధవారం రమ్మన్నాడు. టైం ఒంటిగంట. నొప్పి పొద్దున ఎట్టా ఉందో అట్టానే ఉంది. "పీకేయండి సామీ, మళ్లీ ఇంత దూరం నేను రాలేను" అంటాడు, ఓరల్ సర్జరీకి పోతాడు, ఆర్‌సీటీ (రూట్ కెనాల్) చేసి నిలబెట్టగలిగిన పన్ను డస్ట్‌బిన్‌లో పడుతుంది.

ఇందులో ఎవరూ తప్పు చేయలేదు, అది గమనించండి. ఎవరి డిపార్ట్‌మెంట్ పని వాళ్లు పుస్తకంలో ఉన్నట్టే చేశారు. మనిషి మాత్రం వాటి మధ్య సందుల్లో జారిపోయాడు.

దీన్ని లెక్కల్లోకి తేవడానికి పెద్ద సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. కార్డుకి ఒక చీటీ పిన్ను కొట్టి, ప్రతి డిపార్ట్‌మెంట్ అటెండర్ చేత వచ్చిన టైం, వెళ్లిన టైం వేయించండి. స్టూడెంట్లకి ఇవ్వొద్దు, వాళ్లు సాయంత్రం కూర్చుని ఊహించి రాస్తారు. దీనికంటే పనికొచ్చే లెక్క ఇంకొకటి ఉంది: ఓరల్ మెడిసిన్ రిఫరల్ రిజిస్టర్ తీసుకోండి, అదే వారానికి పెరియో, ప్రోస్థో, ఎండో, పెడో ఓపీ రిజిస్టర్లు పక్కన పెట్టుకోండి, నంబర్లు సరిచూడండి. ఇక్కడ పంపినవాళ్లలో అక్కడ చేరనివాళ్లు ఎంతమంది? ఆ తేడానే మీ అసలు సమస్య. ఏ డిపార్ట్‌మెంట్‌కి తేడా ఎక్కువుందో చూస్తే కారణం సగం అక్కడే తెలుస్తుంది. మెట్లు ఎక్కలేని ముసలివాళ్లు కట్టుడు పళ్ల కోసం వచ్చే ప్రోస్థో పై అంతస్తులో ఉండటం, లిఫ్టు స్టాఫ్‌కి మాత్రమే అని రాసి ఉండటం, ఇలాంటివి బయటపడతాయి. మీటింగ్‌లో ఈ ఒక్క కాగితం పెట్టండి. విజన్, మిషన్ స్లైడ్లు వద్దు.

ఏవి దగ్గరికి చేర్చాలి

ఇక్కడ కాలేజీ ఏ నేల మీద ఉందన్నది ముఖ్యం. మన ప్రాంతానికి మొదట వచ్చేది ఫ్లోరోసిస్, తాగే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లకీ ఎముకలకీ పట్టే జబ్బు. మనదేశంలో ఎండెమిక్ ఫ్లోరోసిస్ గురించి 1937లో వచ్చిన తొలినాటి వ్యాసం నెల్లూరు జిల్లా మీదే. కనిగిరి, పొదిలి అప్పటికి నెల్లూరు జిల్లాలోనివే, ప్రకాశం ఏర్పడింది 1970లో కదా. తర్వాత 2008-09లో కేంద్రం ఫ్లోరోసిస్ నివారణ కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు మొదటి జిల్లాల్లో నెల్లూరు ఒకటి. అంటే మన ఓపీకి వచ్చే పసుపు, గోధుమ మచ్చల పళ్లు ఏదో అరుదైన కేసు కాదు, మన రోజువారీ పని. అయినా ఎక్కువ కాలేజీల్లో ఆ మనిషికి ఒక చిరునామా ఉండదు.

ఒక అమ్మాయిని తీసుకోండి. పెళ్లిచూపులు దగ్గర పడ్డాయని తల్లి తీసుకొచ్చింది. ముందు పళ్ల మీద గోధుమ రంగు చారలు, రెండు చోట్ల ఎనామిల్ గుంటలు పడి ఉంది. డీన్స్ ఇండెక్స్ (పళ్ల మీద ఫ్లోరోసిస్ ఎంత ఉందో కొలిచే పద్ధతి) ప్రకారం ఏ స్థాయో రాయడం కమ్యూనిటీ వాళ్లకి చేయి తిరిగిన పని. మైక్రోఅబ్రేషన్ (మచ్చని పైపైన అరగదీయడం), బ్లీచింగ్, కాంపోజిట్ వెనీర్ (పన్ను మీద వేసే పల్చటి పొర) కన్జర్వేటివ్‌లో చేస్తారు. సిరామిక్ దాకా పోతే ప్రోస్థో వస్తుంది. ఆమెతో వచ్చిన ఎనిమిదేళ్ల తమ్ముడికీ అవే మచ్చలు, వాడు పెడో కేసు. తండ్రికి నడుము వంగట్లేదంటాడు, ఎముకలకి పట్టిందేమో చూడటానికి మెడికల్ వాళ్లకి పంపాలి. ఇంట్లో తాగే నీళ్లు ఏ బోరువో ఎవరో ఒకరు అడగాలి. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకి 1 మిల్లీగ్రాము లోపు ఉండాలని, వేరే దారి లేకపోతే 1.5 దాకా ఫర్వాలేదని మన దేశ ప్రమాణం చెప్తుంది. ఆ అడగడం ఎవరి పనో ఏ డిపార్ట్‌మెంట్ రూల్సులోనూ ఉండదు కాబట్టి ఎవరూ అడగరు.

దీనికి కొత్త డిపార్ట్‌మెంట్ అక్కర్లేదు. వారానికి రెండు పూటలు ఫ్లోరోసిస్ క్లినిక్ పెట్టండి. ఒకే గది, మూడు చైర్లు, ఒకే రిజిస్టర్, రంగు మారిన కార్డు. కన్జర్వేటివ్, పెడో, ప్రోస్థో, కమ్యూనిటీ నుంచి ఒక్కొక్కరు రోటాలో కూర్చుంటారు. ఇక్కడే గొడవ వచ్చే చోటు: కేసు ఎవరిది? ముందే రాసి పెట్టుకోండి, పని చేసినవాళ్ల డిపార్ట్‌మెంట్ లెక్కలోకే కేసు వెళ్తుంది, ఆ కేసు నంబరు క్లినిక్ రిజిస్టర్‌లోనూ డిపార్ట్‌మెంట్ రిజిస్టర్‌లోనూ రెండు చోట్లా ఉంటుంది, డబ్బు కట్టిన రసీదు ఒక్కటే. ఈ మూడు ముక్కలు రాసుకోకపోతే మొదటి నెలలోనే క్లినిక్ మూతపడుతుంది. ఇంకో మాట. కమ్యూనిటీ వాళ్లు కనిగిరి వైపో, ఉదయగిరి వైపో క్యాంపుకి వెళ్లినప్పుడు చీటీ మీద 'కాలేజీకి రండి' అని రాసి పంపేస్తారు. దాని బదులు ఈ క్లినిక్ జరిగే వారం, టైం, గది నంబరు రాసి ఇవ్వాలి. క్యాంపులో చూసినవాళ్లలో ఎంతమంది చైర్ దాకా వచ్చారన్నది అప్పుడే తెలుస్తుంది. లేకపోతే క్యాంపు ఫోటోలే మిగులుతాయి.

రెండోది బయాప్సీ. మనది పొగాకు పండించే నేల, పొగాకు నమిలే నేల కూడా. బుగ్గ లోపల తెల్లమచ్చ చూసేది ఓరల్ మెడిసిన్, ముక్క తీసేది చాలా చోట్ల ఓరల్ సర్జరీ, స్లైడ్ చదివేది ఓరల్ పాథాలజీ. మూడు చోట్లా మంచి డాక్టర్లే ఉంటారు. తీసిన ముక్క వేసిన ఫార్మలిన్ సీసా మాత్రం శనివారం మధ్యాహ్నం ఓరల్ సర్జరీ కిటికీ గట్టు మీద సోమవారం దాకా ఉండిపోతుంది, సీసా మీద అంటించిన ప్లాస్టర్ మీద పేరు పెన్నుతో రాసి ఉంటుంది, తడికి సగం చెరిగిపోయి ఉంటుంది. రిపోర్టు తయారై పాథాలజీ సొరుగులో పడుకుంటుంది. పేషెంట్ వారం తర్వాత వచ్చి ఓరల్ మెడిసిన్‌లో అడిగితే ఇంకా రాలేదంటారు. ఈ మూడు డిపార్ట్‌మెంట్లకీ కలిపి ఒకే బయాప్సీ రిజిస్టర్ పెట్టండి, వరుస నంబరు, పెన్సిల్‌తో రాసిన లేబుల్ (పెన్సిల్ రాత చెరగదు), పేషెంట్‌ది కాక ఇంట్లో ఇంకొకరిది కూడా ఫోన్ నంబరు. ప్రతి నంబరుకీ చివర ఒక గడి: రిపోర్టు పేషెంట్ చేతికి ఇచ్చింది ఎవరు, ఏ తేదీన. ఆ గడి ఖాళీగా ఉన్న నంబర్లన్నీ సోమవారం ఉదయం ఒక రీడర్ చదివి ఫోన్లు చేయించాలి. నన్నడిగితే మొత్తం సర్దుబాటులో ఈ ఒక్కటి చేసి మిగతాది వదిలేసినా తప్పులేదు.

పెడో, ఆర్థో పక్కపక్కన ఉంచడం తేలిక. పాలపళ్ల దగ్గరికి వచ్చిన పిల్లలకే తర్వాత క్లిప్పులు కావాలి, వెయిటింగ్ హాలు ఒకటే చాలు. ఎక్స్‌రే ఓరల్ మెడిసిన్ చేతిలోనే ఉండనివ్వండి. కానీ ఎండో గదిలో సొంతంగా ఒక చిన్న ఇంట్రాఓరల్ మిషన్ లేకపోతే రూట్ కెనాల్ మధ్యలో పన్ను చుట్టూ బిగించిన రబ్బరు షీటుతో (రబ్బర్ డ్యామ్) పేషెంట్ లేచి కింది అంతస్తుకి పోవాలి, అది చూడటానికే బాగోదు.

అనాటమీ, ఫిజియాలజీ, ఫార్మకాలజీ లాంటివి ఒకే క్యాంపస్‌లో మెడికల్ కాలేజీ ఉంటే వాళ్లతో కలిసి చెప్పించుకోవచ్చు, లేకపోతే ఉన్నట్టు వదిలేయండి. వాటితో పేషెంట్‌కి పని లేదు.

గొట్టాలు, గచ్చు, కంప్రెసర్

ప్లానులో చైర్ గీసేటప్పుడు అదొక చిన్న చతురస్రం, పెన్సిల్‌తో ఎటైనా జరపొచ్చు. నేల మీద అది కదలదు. దాని కిందకి గాలి గొట్టం, నీళ్ల గొట్టం, డ్రెయిన్, కరెంటు అన్నీ గచ్చులోంచి వస్తాయి. ఒక్క చైర్ మూడు మీటర్లు జరపాలంటే టైల్స్ పగలగొట్టాలి. అందుకే చైర్లు జరిపే ముందు మనుషుల్ని జరపండి. అంటే ఎండోకి దగ్గర్లో ఉన్న నాలుగు పెరియో చైర్లలో ఎండో పేషెంట్‌కి అక్కడే క్లీనింగ్ చేసేలా పెరియో వాళ్లు ఒకరు పూటంతా ఉంటే, ఒక్క టైల్ పగలకుండా పని అయిపోతుంది.

నిజంగా జరపాల్సి వస్తే మాత్రం బయోమెడికల్ టెక్నీషియన్‌ని మొదటి మీటింగ్‌కే పిలవండి, ఆఖరి మీటింగ్‌కి కాదు. కంప్రెసర్ ఎన్ని చైర్లకి సరిపోతుందో ఆయనకే తెలుసు. ఒక మూలకి చైర్లన్నీ చేరిస్తే పన్ను అరగదీసే ఎయిరోటర్లన్నీ ఒకేసారి తిరిగేటప్పుడు ప్రెషర్ పడిపోతుంది, పన్ను మీద బర్ ఆగిపోతుంది. మన బోరు నీళ్లలో ఉప్పు సంగతి చెప్పక్కర్లేదు, హ్యాండ్‌పీసుల్లో సన్న గొట్టాలు ఊరికే పూడుకుపోతాయి, కాబట్టి కొత్త లైను వేసేటప్పుడే ఆర్వో నీళ్లు చైర్‌కి వచ్చేలా చూడండి. పళ్ల అచ్చులు పోసే ప్లాస్టర్ రూముకి ట్రాప్ (మడ్డిని పట్టి ఆపేది) లేని సింకు పెట్టారంటే జిప్సం గొట్టంలో గట్టిపడి, రెండు నెలల్లో కింది అంతస్తు సీలింగ్ కారుతుంది. ప్రోస్థో, ఆర్థో, పెడోలకి కలిపి ఒకే ప్లాస్టర్ రూము పెట్టొచ్చు, బాగానే నడుస్తుంది, రోజూ సాయంత్రం ట్రాప్ ఎవరు తీసి కడగాలో ఒక పేరు ఉంటే.

ఎక్స్‌రే యూనిట్, ఓపీజీ (దవడ మొత్తం ఒకే ఎక్స్‌రేలో తీసేది), సీబీసీటీ (దవడ 3డి స్కాన్) చోటు మార్చే ముందు ఏఈఆర్‌బీ (రేడియేషన్ భద్రత చూసే కేంద్ర సంస్థ) అనుమతి సంగతి వాళ్ల ఈ-లోరా పోర్టల్‌లో చూసుకోండి. గది లేఅవుట్, గోడ మందం, తలుపు ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. 'ముందు జరిపేద్దాం, తర్వాత అప్లై చేద్దాం' అనే మాట ఎవరైనా అంటే అక్కడే ఆపండి.

స్టెరిలైజేషన్ ఒకే చోటికి చేర్చడం అన్నిటికంటే లాభమున్న మార్పు, అన్నిటికంటే గొడవ కూడా ఇక్కడే. ప్రతి డిపార్ట్‌మెంట్‌లో సిస్టర్ దగ్గర ఒక చిన్న ఆటోక్లేవ్, తాళం వేసిన బీరువా ఉంటాయి. 'మా ఫోర్సెప్స్ వాళ్లకి ఇస్తే తిరిగి రావు' అంటారు, ఆ భయం నిజమే. కాబట్టి స్టెరిలైజేషన్ కేంద్రం పెట్టేముందు ప్రతి పరికరం మీదా డిపార్ట్‌మెంట్ గుర్తు చెక్కించండి, ట్రేల రంగులు వేరు చేయండి, ఇచ్చేటప్పుడూ తీసుకునేటప్పుడూ లెక్క సంతకం పెట్టించండి. 121 డిగ్రీలు, 15 పౌండ్ల ఒత్తిడి, 15 నిమిషాలు అని గోడ మీద రాసి ఉంటుంది గానీ వేడెక్కడం, ఆరడం, ప్యాకింగ్ కలిపితే ఒక లోడుకి గంట దాటుతుంది. అందుకే ఉన్న పరికరాల సెట్లు సరిపోవు, ఎక్కువ కొనాలి. ఆ ఖర్చు బడ్జెట్‌లో పెట్టకుండా కేంద్రం తెరిచారంటే పదకొండు గంటలకి ఓరల్ సర్జరీలో పన్ను కదిలించే ఎలివేటర్ లేదు, పదకొండుంబావుకి ప్రిన్సిపాల్ రూములో హెచ్‌ఓడీ.

వ్యర్థాల డబ్బాల సంగతి కూడా అప్పుడే చూసుకోండి. 2016 రూల్స్ ప్రకారం పీకిన పన్ను, రక్తం అంటిన దూది పసుపు సంచిలోకి, గ్లోవ్స్ ఎరుపులోకి, సూదులు తెల్ల డబ్బాలోకి, గాజు నీలంలోకి. చైర్లు ఎక్కడికి మారితే డబ్బాలు అక్కడికి మారాలి, బార్‌కోడ్ అంటించే మనిషి దారి కూడా మారాలి. ప్రీ-క్లినికల్ ప్రాక్టీసుకి పిలకాయలు పీకిన పళ్ల కోసం ఓరల్ సర్జరీ ముందు డబ్బాలు పట్టుకుని నిలబడతారు కదా, దానికీ ఒక పద్ధతి పెట్టేయండి. ఫార్మలిన్ సీసా ఒకటి, బాధ్యుడు ఒకడు, అమాల్గం ఉన్న పన్ను ఆటోక్లేవ్‌లో పెట్టకూడదన్న చీటీ ఒకటి.

మనుషులు

హెచ్‌ఓడీలు మార్పుకి వ్యతిరేకం అని తీర్మానించేయకండి. వాళ్ల లెక్కలు వాళ్లకి ఉంటాయి: చైర్ల సంఖ్య తగ్గితే పీజీ సీట్లకి దెబ్బ, గది మారితే హోదాకి దెబ్బ, ఇరవై ఏళ్లుగా కూడబెట్టిన పరికరాలు ఎవరి పాలవుతాయో అన్న బెంగ. ఒక్కొక్కరినీ వాళ్ల గదిలోనే, వాళ్ల టీ తాగుతూ, విడివిడిగా కలవండి. అందరినీ కాన్ఫరెన్స్ హాల్లో కూర్చోబెట్టి తొలిసారి చెప్పారంటే, మొదట మాట్లాడిన సీనియర్ ఏమంటే మిగతావాళ్లూ అదే అంటారు. సర్క్యులర్ మొదటి వాక్యంలోనే, ఏ డిపార్ట్‌మెంట్ రద్దు కాదు, ఎవరి డిజిగ్నేషన్, సీనియారిటీ, పీజీ గైడ్‌షిప్ మారదు అని రాయండి. రెండో పేజీలో రాస్తే ఎవరూ అక్కడిదాకా చదవరు, ఈలోపు క్యాంటీన్‌లో పుకారు నడుస్తుంది.

ఉమ్మడి క్లినిక్‌లకి కోఆర్డినేటర్‌గా హెచ్‌ఓడీని పెట్టొద్దు. ఒక హెచ్‌ఓడీ కింద ఇంకో హెచ్‌ఓడీ పనిచేయరు, మన దగ్గర అది జరిగే పని కాదు. పని మీద ఇష్టం ఉన్న రీడర్‌ని పెట్టండి, ఏడాదికోసారి డిపార్ట్‌మెంట్ మారేలా చూడండి. టైం విషయంలో కూడా కళ్లు తెరిచి ఉండాలి. సాయంత్రం పొగతోటలోనో, ట్రంక్ రోడ్డు పక్కనో సొంత క్లినిక్ ఉన్న డాక్టర్లు చాలామంది ఉంటారు, మూడున్నర దాటాక వాళ్ల మనసు బైక్ తాళాల మీద ఉంటుంది. ఉమ్మడి క్లినిక్ ఉదయం తొమ్మిదిన్నర నుంచి పన్నెండు దాకా పెట్టుకుంటే అందరికీ ప్రశాంతం, పల్లెల నుంచి వచ్చినవాళ్లకి తిరుగు బస్సూ దొరుకుతుంది.

అటెండర్లని, ఆయమ్మలని మీటింగ్‌కి పిలిచే కాలేజీ నేను తక్కువగా చూశాను. పేషెంట్ వచ్చి "అమ్మా, యాడికి పోవాలా?" అని అడిగేది వాళ్లనే. పీజీ రాసిన రిఫరల్ కంటే ఆయమ్మ చూపించిన దారే నడుస్తుంది. కొత్త ఏర్పాటు మొదలయ్యే ముందు రోజు వాళ్లందరినీ వెంటబెట్టుకుని ఒకసారి మొత్తం తిప్పి చూపించండి, గది నంబర్లు తెలుగులో పెద్దక్షరాలతో రాయించండి. 'పెరియోడాంటిక్స్' అని ఇంగ్లీషులో రాసి దాని కింద తెలుగు లిపిలో అదే రాస్తే లాభం లేదు, 'చిగుళ్ల వైద్యం, పళ్లు శుభ్రం చేసే గది' అని ఉండాలి.

స్టూడెంట్ల కోటా

దీన్ని పక్కన పెట్టి ఎంత అందంగా ప్లాన్ గీసినా పనికిరాదు. ఫైనలియర్‌లో ఎనిమిది సబ్జెక్టులు, ప్రతిదానికీ కోటా. ఇన్ని ఫిల్లింగులు, ఇన్ని క్లీనింగులు, ఇన్ని ఎక్స్‌ట్రాక్షన్లు. పూర్తి కట్టుడు పళ్ల కేసు దొరక్క ఊళ్లో ఉన్న అవ్వని ఆటోలో తెచ్చుకునే పిలకాయలు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. ఒక పేషెంట్‌కి రెండు ఫిల్లింగులు, ఒక క్లీనింగు, ఒక క్యాపు కావాలంటే ముగ్గురు స్టూడెంట్లు ముక్కలుగా పంచుకుంటారు, ఎవరికీ ఆ మనిషి నోరు మొత్తం తెలియదు.

ఒకే స్టూడెంట్ ఒక పేషెంట్‌ని మొదటి నుంచి చివరిదాకా చూసుకునే పద్ధతి చాలా మంచిది. కానీ ఫైనలియర్‌తో మొదలుపెట్టకండి, యూనివర్సిటీ ప్రాక్టికల్స్ డిపార్ట్‌మెంట్ వారీగానే జరుగుతాయి, పిల్లలూ వాళ్ల తల్లిదండ్రులూ టెన్షన్ పడతారు. హౌస్ సర్జన్లతో మొదలుపెట్టండి. 2007 రెగ్యులేషన్ల ప్రకారం వాళ్ల ఏడాది ఇలా పంచి ఉంది: ఓరల్ సర్జరీ, ప్రోస్థో నెలన్నర చొప్పున, ఓరల్ మెడిసిన్, పెరియో, కన్జర్వేటివ్, పెడో, ఆర్థో నెల చొప్పున, ఓరల్ పాథాలజీ పదిహేను రోజులు, కమ్యూనిటీ మూడు నెలలు, ఎలెక్టివ్ పదిహేను రోజులు. ఈ పంపకాన్ని మార్చొద్దు. కన్జర్వేటివ్, పెరియో, ప్రోస్థో పోస్టింగులు వరుసగా వచ్చేలా రోటా రాయండి చాలు, మూడున్నర నెలలు అదే పేషెంట్లు అతని చేతిలో ఉంటారు. కమ్యూనిటీలో ఉన్నవాళ్లని ఫ్లోరోసిస్ క్లినిక్‌లో వంతులవారీగా కూర్చోబెట్టండి, క్యాంపులో చూసిన మనిషి ఇక్కడ చైర్‌లో కనిపిస్తే వాళ్లకీ ఉత్సాహం వస్తుంది. లాగ్‌బుక్‌లో సంతకం ఎవరిది అనేది మాత్రం ముందే తేల్చండి. ఆ పోస్టింగ్ ఏ డిపార్ట్‌మెంట్‌దో వాళ్లదే సంతకం, ఉమ్మడి క్లినిక్ కోఆర్డినేటర్‌ది పక్కన ఇనీషియల్.

కాగితాలు, ముహూర్తం

బయోమెట్రిక్‌లో ఎవరి పేరు ఏ డిపార్ట్‌మెంట్ కింద ఉందో అదే ఉండాలి, ఉమ్మడి క్లినిక్ పేరుతో కొత్తది సృష్టించకండి. ఏదైనా పరికరం చోటు మారితే స్టాక్ రిజిస్టర్‌లో తీసేసి ఇంకోదాంట్లో ఎక్కించకుండా 'తాత్కాలికంగా ఫలానా గదిలో వాడుక' అని రాసి ఇద్దరు హెచ్‌ఓడీల సంతకాలు పెట్టించండి. లెక్క చెడదు, అవసరమైతే వెనక్కి రావడం తేలిక.

ఎప్పుడు చేయాలంటే, యూనివర్సిటీ ప్రాక్టికల్స్ అయిపోయి కొత్త బ్యాచ్ చేరకముందు. గచ్చు పగలగొట్టే పని ఏదైనా ఉంటే సంక్రాంతి వారం మంచిది, ఊళ్ల నుంచి ఓపీ బాగా పడిపోతుంది. ఎండాకాలం మే నెలలో ఏసీ లేని హాల్లోకి చైర్లు మార్చే పని పెట్టుకోకండి, స్టాఫ్ మొత్తం మీ మీద ఒక్కటవుతారు. ఇన్‌స్పెక్షన్ వచ్చే అవకాశం ఉన్న నెలల్లో వేలు పెట్టకండి. ఏదైనా ఒక్క క్లినిక్‌తో, బయాప్సీ రిజిస్టర్‌తో మొదలుపెట్టి, అవి నిలబడ్డాక స్టెరిలైజేషన్‌కి, ఆఖర్న చైర్లకి రండి.

మూడు నెలలు గడిచాక మళ్లీ ఆ రెండు రిజిస్టర్లు పక్కపక్కన పెట్టండి, పంపినవాళ్లు ఎంతమంది, చేరినవాళ్లు ఎంతమంది. బయాప్సీ పుస్తకంలో ఖాళీ గడులు లెక్కపెట్టండి. పామూరు నుంచి వచ్చిన మనిషి మధ్యాహ్నం బస్సుకి పోయేలోపు నొప్పి తగ్గే పని ఒక్కటైనా అయిందా అని ఓ పదిమంది కార్డులు తిరగేసి చూడండి. తేడా తగ్గిన చోట ఆ ఏర్పాటుకి ఇంకో చైర్ ఇవ్వండి, తగ్గని చోట ఆ భాగం వరకు పాత పద్ధతికి తిప్పేసి, ఎందుకు తగ్గలేదో అటెండర్ని అడగండి.